కోరంగి మడ అడవులకు వెళ్తున్న మనుమరాలికి

కడప

చిరంజీవి మనుమరాలికి జేజినాయన ఆశీస్సులు.

కోరంగి అభయారణ్యంలో క్షీరదాల సర్వేకు నిన్ను తీసుకున్నారని మీ నాయన చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ దిగులూ రెండూ నిద్ర పట్టనివ్వడం లేదు. లంకమల అడవిలో నా వెంట అడుగుజాడలు చూస్తూ తిరిగిన పిల్లవు, నేను ఉద్యోగమంతా చేసిన పనిని నాకంటే శాస్త్రీయంగా చేయబోతున్నావు. అయితే ఎండిన వంకలు తప్ప ఎరగని దానివి, నీళ్లు వచ్చిపోయే అడవిలో దిగబోతున్నావు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి చేతికి రానిదే లోపల కాలు పెట్టవద్దు. జంతువు ఎదుటికి రాగానే తనంత తానే చిత్రం తీసే మీ కెమెరాలకు బ్యాటరీలు, తేమ పీల్చే పొట్లాలు ఎన్ని కావాలో నీకే బాగా తెలుసు.

నీటి సంగతి మాత్రం మళ్లీ మళ్లీ చెబుతాను. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు మామూలు కంటే పైకి వస్తుంది కనుక, నీరు వెనక్కి తగ్గే పాటు వేళ పొడిగా కనిపించిన గట్టును నమ్మవద్దు. చెట్ల మొదళ్ల మీద బురద చార ఎంతవరకు ఉందో చూసి, అంతకు పైనే కెమెరా కట్టు. అలాగని మరీ ఎత్తున కడితే చిన్న జంతువులు దాని కంట పడవు, కాబట్టి ముందుగా ఎత్తైన గట్లనే వెతుక్కో. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు పోవచ్చు. చెమట పట్టగానే చేత్తో కళ్లు నులుముకునే నీ అలవాటు ఎన్నిసార్లు తిట్టినా పోలేదు. నా తల్లీ, అక్కడైనా మానుకో.

ఇక మన జిల్లాలోనే జరిగిన ఒక పాత పొరపాటును నువ్వు మరిచిపోకూడదు. 1848లో జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త లోకానికి తెలియజేసిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. కనిపించలేదు కనుక లేదనుకున్నారు, అంతరించిందని రాసుకున్నారు. అది రాత్రి తిరిగే పక్షి. పగలు పొదల్లో కదలకుండా ఉండేదాన్ని పగలు వెతికితే ఏం దొరుకుతుంది? చివరికి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, అడవి తెలిసిన ఒక స్థానికుడి చేతికే అది రాత్రిపూట చిక్కింది. దాని కోసమే లంకమల అభయారణ్యమైంది. ఆ తర్వాత పరిశోధకులు మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద అడుగులు చూసి, కెమెరాలు పెట్టి దాని జాడ తీశారు. పొదల పక్కన బతికేవాళ్లను ముందే సరిగ్గా అడిగి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కోరంగిలో చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురుపిల్లి కూడా ఎక్కువగా రాత్రి తిరిగేదే. ఒక గట్టు మీద అది కెమెరాలో పడకపోతే లేదని రాయకు. ఎన్ని కెమెరాలు ఎన్ని రాత్రులు ఉంచావో, అందులో ఎన్ని మునిగాయో రాయి. బెస్తవాళ్లను, చెరువుల కాపలాదారులను అడుగు, కానీ బొమ్మ చూపించి "ఇది చూశారా" అనవద్దు, పెద్ద ఊరి నుంచి వచ్చిన పిల్ల మాట కాదనలేక అవునంటారు. ఏం చూశారో వాళ్లనే వర్ణించనివ్వు.

పిల్లి అడుగులో గోరు గుర్తు పడదని నీకు నేర్పినవాణ్ణి నేనే. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, మెత్తని బురదలో గుర్తు పడవచ్చు. గోరు కనిపించగానే నక్క అని తేల్చేయకుండా అడుగు మొత్తం ఆకారం చూడు. నీటికుక్కలు గట్టు మీద ఒకే చోట పదేపదే పెంటికలు వేస్తాయి, వాటిలో చేపపొలుసులు ఉంటాయి. వాటి చిత్రం దొరికిన సంబరంలో ఎలుకలనూ గబ్బిలాలనూ వదిలేయకు. లోకంలోని క్షీరద జాతుల్లో సగానికి పైగా ఆ రెండు వర్గాలవే.

ఇంకొక్క మాట. కెమెరాలో పీతలకూ చేపలకూ వచ్చిన ఆడవాళ్లు పడతారు. ఆ చిత్రాలు ఎవరి చేతికీ వెళ్లకుండా తుడిపేయి. జంతువు పడిన చోటు పేరు కూడా ఫోనులో ఎవరికీ పంపవద్దు. ఎర్రచందనం ఎక్కడుందో ఒక నోట్లోంచి జారిన మాట ఎంత దూరం పోతుందో ఈ కొండల కింద బతికినవాళ్లకు తెలుసు.

పడవ నడిపే అన్న పేరు, ఏ వేళకు పాటు మొదలవుతుందో, ఏ వేళకు ఒడ్డుకు చేరతావో రోజూ బయలుదేరే ముందు మీ నాయనకు మెసేజి పెట్టు. నాకు చదివి వినిపిస్తాడు.

ఇట్లు,
నీ జేజినాయన