పాత డీవీడీ పుస్తకంతో కూర్చున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. చాలా ఏళ్లుగా ఫోటో, వీడియో స్టూడియో నడుపుతున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది ప్లస్ టూ పూర్తిచేసింది. నేను ఎప్పుడో కొని బీరువాలో పడేసిన అడోబ్ ఎన్‌కోర్ అనే డీవీడీ తయారీ సాఫ్ట్‌వేర్ నేర్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, నెల రోజులుగా దాన్నే ముందు పెట్టుకుని పొద్దుపోయేదాకా కంప్యూటర్ దగ్గర కూర్చుంటోంది. డీవీడీ అడిగే గిరాకీయే తగ్గిపోయిన రోజుల్లో ఇది నేర్చుకుని ఏం లాభం? బరంపురంలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు డీవీడీ ఆథరింగ్ (వీడియోను మెనూలతో సహా డీవీడీగా కూర్చడం) కూడా కలిపి ఆరు నెలల కోర్సు చెబుతామంటున్నారు, చేర్చమంటారా? ప్లస్ త్రీ (డిగ్రీ) మానేసి స్టూడియోలోనే ఉంటానంటే ఏం చెప్పాలి?

జవాబు: మీరు అడిగిన మూడింటికీ ముందు సూటిగా చెబుతాను. పుస్తకం పూర్తిచేయనివ్వండి. ఆ కోర్సుకు డబ్బు కట్టవద్దు. ప్లస్ త్రీ మాత్రం మాన్పించవద్దు.

సాఫ్ట్‌వేర్ సంగతి మీరు అనుమానించినట్టే ఉంది. ఎన్‌కోర్ చివరి వెర్షన్ 2012లో సీఎస్6 అనే సాఫ్ట్‌వేర్ల కట్టతో వచ్చింది, ఆ తర్వాత అడోబ్ దాన్ని కొనసాగించలేదు. ఆపిల్ అంతకు ఏడాది ముందే, 2011లో, ఇలాంటిదే అయిన తన డీవీడీ స్టూడియో ప్రోను ఆపేసింది. డిస్కులను పోస్టులో పంపే వ్యాపారంతోనే మొదలైన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబరులో ఆ సేవకు స్వస్తి చెప్పింది. కాబట్టి కేవలం డీవీడీలు ఆథరింగ్ చేయడం అనే ఉద్యోగం కోసం మీ అమ్మాయి ఎక్కడా దరఖాస్తు చేయబోవడం లేదు, ఆ ఆశ పెట్టుకుని చదువుతుంటే ఇప్పుడే చెప్పేయడం మంచిది. అయితే ఆ పుస్తకంలో సాఫ్ట్‌వేర్ మీటలతో పాటు మరో రెండు విద్యలు ఉన్నాయి, వాటికి కాలదోషం పట్టలేదు.

మొదటిది లెక్క. ఒక పొర ఉన్న మామూలు డిస్కులో 470 కోట్ల బైట్లు పడతాయి, అంటే బైటుకు ఎనిమిది చొప్పున 3,760 కోట్ల బిట్లు. దీన్నే కంప్యూటర్ వెయ్యికి బదులు 1,024 చొప్పున లెక్కించి 4.37 జీబీ అని చూపించేసరికి కొత్తవాళ్లు డిస్కులో ఏదో లోపం ఉందనుకుంటారు. మూడు గంటల పెళ్లి వీడియోను అందులో సర్దాలంటే 10,800 సెకన్లకు ఆ బిట్లను పంచాలి, అప్పుడు సెకనుకు దాదాపు 35 లక్షల బిట్లు మాత్రమే దక్కుతాయి. అదే రెండు గంటలైతే 52 లక్షలు వస్తాయి. ఒక గంటే అయితే కోటి దాటుతుంది గాని, శబ్దంతో సహా సెకనుకు కోటీ 80 వేల బిట్లకు మించి డీవీడీ ప్రమాణం ఒప్పుకోదు. ఈ పంపకం ఎక్కడ దెబ్బతింటుందో చూడాలంటే మీ స్టూడియోలోనే తలంబ్రాల ఘట్టం తీసుకోండి. వధూవరులు కదలకుండా పీటల మీద కూర్చున్నంతసేపూ తక్కువ బిట్లతోనే బొమ్మ బాగుంటుంది. దోసిళ్లలోంచి పసుపు బియ్యం ఒక్కసారిగా జారగానే ప్రతి గింజా ఒక కొత్త కదలిక అవుతుంది, డీవీడీలు వాడే ఎంపెగ్-2 కుదింపు ఆ వేగాన్ని అందుకోలేక తెర అంతా చిన్న చిన్న గడులుగా పగిలిపోతుంది. పుస్తకంలో ట్రాన్స్‌కోడ్ అమరికల (వీడియోను డీవీడీకి తగిన రూపంలోకి మార్చే అమరికల) గురించి చెప్పిన అధ్యాయం చదివాక, అదే ఘట్టాన్ని మూడు వేర్వేరు బిట్‌రేట్లతో, అంటే సెకనుకు ఇచ్చే బిట్ల సంఖ్య మార్చి, తయారుచేసి పక్కపక్కన పెట్టి చూడమనండి. రేపు ఫోనుకో యూట్యూబుకో ఎచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఫైలు ఎగుమతి చేసేటప్పుడు ఏ సంఖ్య ఎందుకు పెడుతున్నదీ ఆమెకు తెలిసి ఉంటుంది, చాలామంది ఎడిటర్లకు అది తెలియదు.

రెండవది దారి గీయడం. డిస్కు పెట్టగానే ఏది రావాలి, మెనూలో ఏ బటన్ నొక్కితే ఎక్కడికి పోవాలి, ఘట్టం ముగిశాక తిరిగి ఎక్కడికి చేరాలి అనేది మొత్తం ముందే కాగితం మీద బాణాలతో గీసుకోవాలి. మా ఇంటి పెళ్లి డిస్కులో ‘మాంగల్యధారణ’ నొక్కితే భోజనాల పంక్తి వచ్చేది, భోజనాలు అయిపోగానే తెర నల్లబడి ఆగిపోయేది. చేసిచ్చిన వారెవరో ఇప్పుడు అనవసరం గాని, మా పెద్దమ్మ మాత్రం ఈనాటికీ ఆ వీడియోను భోజనాల క్యాసెట్ అనే పిలుస్తుంది. ఇలాంటి తెగిన లింకులను, ముగింపు చర్య పెట్టని ఘట్టాలను పట్టుకోవడానికే ఎన్‌కోర్‌లో ‘చెక్ ప్రాజెక్ట్’ అనే సౌకర్యం ఉంది. వాడేవాడు తికమకపడకుండా దారి వేయడం వెబ్‌సైట్ల, యాప్‌ల రూపకల్పనలోనూ అసలు పని అదే.

ఇక ఈ పుస్తకాన్ని ఎలా చదవాలనేది. మొదటి పేజీ నుంచి వరుసగా చదివితే ఆరో అధ్యాయానికల్లా విసుగు వస్తుంది, పైగా ఇలాంటి పాత పుస్తకాల వెనుక అతికించి ఉండే నమూనా డిస్కు చాలాసార్లు ఉండనే ఉండదు. అందుచేత నమూనా ఫైళ్ల కోసం వెతక్కుండా మీ స్టూడియోలోని ఇరవై నిమిషాల ముక్క ఒకటి తీసుకుని, పుస్తకం అడిగిన ప్రతి అభ్యాసాన్నీ దాని మీదే చేయమనండి. మొదటి వారం మెనూ జోలికి పోకుండా, ఒకే ఘట్టం దానంతటది మొదలై ఆగే డిస్కు చేయాలి. రెండవ వారం అధ్యాయాల గుర్తులు పెట్టాలి: స్నాతకం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. ఆ తర్వాతే మెనూ. ఎన్‌కోర్‌లో మెనూను ఫోటోషాప్‌లో చేస్తారు, లేయర్ల గుంపు పేరుకు ముందు కుండలీకరణాల్లో కూడిక గుర్తు పెడితే అది బటన్ అవుతుంది, శాతం గుర్తు పెట్టిన లేయర్‌లో ఆ ఘట్టపు చిన్న బొమ్మ కదులుతుంది. పుస్తకం ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోవచ్చు, అక్కడ అరపూట ఆగాలి. తెలుగు, ఒడియా అక్షరాలను టైపు చేసినప్పుడు ఒత్తులు విడిపోయి కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌తో పోరాడకుండా, వేరే చోట సరిగా రాసిన మాటను బొమ్మగా తెచ్చి అతికించడం తేలిక.

ఎన్‌కోర్‌కు మీ దగ్గర అసలు లైసెన్సు ఉంటే సరే, లేకపోతే ఎవరో ఇచ్చిన పైరేటెడ్ కాపీ వాడనివ్వకండి, స్టూడియో కంప్యూటర్‌లో గిరాకీల వీడియోలు ఉంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పుస్తకంలోని ముప్పాతిక వంతు చేయవచ్చు, మీటల పేర్లు వేరైనా భావనలు అవే. ప్రతిసారీ డిస్కు కాల్చనవసరం లేదు. వీడియో_టీఎస్ అనే ఫోల్డరుగా తయారుచేసి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరు సాఫ్ట్‌వేర్‌లో నడిపి చూసుకుంటే, పది తప్పులు సరిదిద్దాక ఒక్క డిస్కు ఖర్చవుతుంది.

ఆ ఫోల్డరు లోపల ఏమున్నదో చూడడం అలవాటు చేసుకుంటే, మీరు ఊహించని చోట పని దొరుకుతుంది. పాతపట్నం నుంచి గుణుపురం వరకూ ఎన్ని ఇళ్ల బీరువాల్లో పెళ్లి డిస్కులు ఉన్నాయో, వాటిలో ఎన్ని మీ చేతుల మీదుగానే వెళ్లాయో మీకే తెలుసు. ఆ ఇళ్లలో ప్లేయర్లు మూలపడ్డాయి, కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండదు, రాసే డిస్కుల్లోని రంగు పొర ఎండకూ వేడికీ ఏటికేడు చెడిపోతుంది. ఇప్పుడు గిరాకీ ఉన్న పని డిస్కులోంచి వీడియోను క్షేమంగా బయటకు తీయడం, దానికి డిస్కు లోపలి నిర్మాణం తెలిసినవారే కావాలి. వీడియో అంతా ఒక్కొక్కటి ఒక జీబీకి మించని వీఓబీ ఫైళ్లుగా తెగి ఉంటుంది, అది తెలియనివారు ఒక్కో ముక్కను విడిగా మార్చి అతికిస్తే కలిసేచోట మంత్రం మధ్యలో తెగుతుంది. గీతలు పడిన డిస్కును మామూలుగా కాపీ చేయబోతే మొదటి గీత దగ్గరే ఆగిపోతుంది, డీడీరెస్క్యూ లాంటి ఉచిత ప్రోగ్రాం చదవలేని చోటును దాటి మిగతాదంతా ముందు భద్రం చేసి, తర్వాత మళ్లీ ఆ చోటుకు వస్తుంది. మీ పాత బిల్లు పుస్తకాలు తీసి, ఆ పెళ్లిళ్ల వారికి ఒక్కొక్కరికీ ఫోను చేసే బాధ్యత అమ్మాయికే అప్పగించండి. కొన్న సినిమా డిస్కుల కాపీలు చేసిపెట్టమని వచ్చేవారిని మాత్రం వెనక్కి పంపండి, అది కాపీరైటుకు సంబంధించిన వ్యవహారం.

బరంపురం కోర్సు విషయానికి వస్తే, పాఠ్యప్రణాళికలో డీవీడీ ఆథరింగ్‌ను ఆకర్షణగా చూపే సంస్థ ఆ ప్రణాళికను చాలా కాలంగా తిరగరాయలేదని అర్థం. ఎడిటింగ్ నేర్చుకోవడానికి డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, ఆ ఫీజు డబ్బు పెట్టి మంచి హార్డ్ డిస్కులు రెండు, బయట నుంచి తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి కొనండి.

ప్లస్ త్రీ ఎందుకంటే, పుణేలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో ఎడిటింగ్ కోర్సుకు పట్టభద్రులే అర్హులు. కటక్‌లోని బిజు పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా ఎడిటింగ్ ఉంది, ఈ ఏడాది ప్రకటనలో అర్హతలు చూసుకోండి. మీ ఊళ్లోనే శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల ఉండగా, ఒడిశా కళాశాలల ప్రవేశాల శామ్స్ పోర్టల్‌లో దరఖాస్తు గడువు దాటిపోనివ్వడం నాకు నచ్చదు. సరిహద్దు దాటి ఆంధ్రలో చేర్పించాలనుకుంటే ముందు స్థానికత నిబంధనలు చదవండి, ఒడిశాలో చదివిన మన పిల్లలు అక్కడ చిక్కుకుంటారు. చదువుతూనే ఆమె సబ్‌టైటిళ్ల పని కూడా సాధన చేయాలి. తెలుగు ఇంట్లో, ఒడియా బడిలో, ఇంగ్లీషు ఇలాంటి పుస్తకాల్లో వచ్చిన అమ్మాయికి మూడు భాషల్లో సబ్‌టైటిళ్లు రాయగల వీలుంది. పుస్తకంలోని సబ్‌టైటిళ్ల అధ్యాయాన్ని దాటేయకుండా, పెళ్లి ముక్కకు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పెట్టమనండి.

ఆ ఇరవై నిమిషాల డిస్కు తయారయ్యాక మీరు చూసి బాగుందనకండి. ఇంకా ప్లేయరు పనిచేస్తున్న ఇల్లు ఏదైనా వెతికి, ఆ ఇంటి పెద్దావిడ చేతికి రిమోటు ఇచ్చి, మీ అమ్మాయిని పక్కన మాట్లాడకుండా కూర్చోమనండి. ఆవిడ ఎవరినీ అడక్కుండా తలంబ్రాల దగ్గరికి చేరుకోగలిగితే పుస్తకం పూర్తయినట్టే.