డైటీషియన్ దగ్గరికి వెళ్ళేముందు మీ కుక్కర్ కప్పు కొలవండి

అమెరికా వచ్చిన ఏడాదికే ఫోన్ చేసి అక్కా బరువు పెరిగిపోయాను, షుగర్ బార్డర్లో ఉందన్నారు, తిండి విషయం ఎవర్ని అడగాలి అనేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, అందుకే మాకు తెలిసిందంతా ఒకేసారి రాసేస్తున్నా.

ముందు మనిషి సంగతి. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో న్యూట్రిషనిస్ట్ అని ఎవరైనా పెట్టేసుకోవచ్చు, మీరు వెతకాల్సింది రిజిస్టర్డ్ డైటీషియన్, పేరు పక్కన ఆర్‌డీ అనో ఆర్‌డీఎన్ అనో ఉండాలి. వాళ్ళు చదువుతోపాటు పేషెంట్ల దగ్గర ట్రైనింగ్ చేసి నేషనల్ పరీక్ష పాసై వస్తారు, 2024 నుంచి ఆ పరీక్షకి కూర్చోవాలంటే మాస్టర్స్ కూడా ఉండాలి. మేం కొత్తలో ఇదేం తెలీక మనవాళ్ళే ఒకరు న్యూట్రిషన్ కోచ్‌ని అంటే నమ్మి ఆర్నెల్లపాటు పౌడర్ డబ్బాలు కొన్నాం, ఆ ఆర్నెల్లలో ఒక్కసారి కూడా బ్లడ్ రిపోర్ట్ చూపించమనలేదు, ఏం మందులు వాడుతున్నారు అని అడగలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

ఎందుకంటే మా ఆయన అప్పటికే కొన్నేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతుంటే కుర్చీలో కూర్చుని పనిచేయడం వల్లేమో అనుకున్నాం, తర్వాత డైటీషియన్ దగ్గరికి వెళ్తే ఆవిడ మందుల లిస్ట్ చూసి, మాంసం ఎన్నిసార్లు తింటారని అడిగి, ఆదివారం ఒక్కపూటే అనగానే విటమిన్ బీ12 టెస్ట్ చేయించమని మా డాక్టర్‌కి నోట్ రాసింది. చూస్తే బాగా తక్కువుంది, అది తక్కువైనా అలా తిమ్మిర్లొస్తాయట. ఆ మాత్ర ఎక్కువకాలం వాడితే బీ12 తగ్గొచ్చట, పైగా బీ12 సహజంగా దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలూ పెరుగుల్లోనే. పూర్తి శాకాహారులైతే ఇది అస్సలు వదిలెయ్యకండి, విటమిన్ డీ కూడా చూపించుకోండి, ఊళ్ళో తగిలినంత ఎండ ఇక్కడ ఆఫీసుల్లో కూర్చుంటే తగలదు.

వెళ్ళేముందు మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాసుకోండి, అందులో ఒకటి శనివారమో ఆదివారమో ఉండాలి, టీలో వేసుకున్న చక్కెర, సాయంత్రం గుప్పెడు జంతికలు, అన్నంలో నెయ్యి, అన్నీ. సిగ్గుపడి తగ్గించి రాస్తే ఆవిడ ఇచ్చే ప్లాన్ ఇంకెవరికో ఇచ్చినట్టవుతుంది. ముఖ్యంగా కప్పు దగ్గర జాగ్రత్త, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, ఇక్కడివాళ్ళు కప్పు అంటే దాదాపు 240. వండిన అన్నం అమెరికన్ కప్పులో మూడోవంతుకి 15 గ్రాముల కార్బ్స్, అంటే షుగర్ పెంచే పిండిపదార్థం, లెక్కేస్తారు, మేం ఇంట్లో కొలిస్తే మా ఆయన పప్పన్నం, పులుసన్నం కలిపే రెండు కప్పులు, అంటే 90 గ్రాములు, పెరుగన్నం ఇంకా మొదలే కాలేదు! ఆవిడ అన్నం మానెయ్యమనలేదు, ఒక కప్పుకి తగ్గించి, పప్పు చిక్కగా చేసుకుని కూర రెట్టింపు వేసుకోమంది. మన వంటల పేర్లు ఆవిడకి తెలీవు, పులుసు అంటే ఏంటో, గోంగూర పప్పులో ఏమేం వేస్తామో ఓపిగ్గా చెప్పాలి, రాగిపిండి ప్యాకెట్ మీద లేబుల్ ఫోటో తీసి తీసుకెళ్ళండి.

మన శరీరాలకి కొలతలు కొంచెం వేరు. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 25 లోపుంది కదా అని ధీమాగా ఉండొద్దు, షుగర్ పరీక్ష విషయంలో ఏషియన్లకి 23 నుంచే చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అంటుంది. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ, డైటీషియన్‌ని కలవడానికి అదే సరైన టైమ్, షుగర్ అని తేల్చే 6.5 దాకా ఆగకండి.

డబ్బుల సంగతి, ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి డైటీషియన్ విజిట్‌కి బిల్లు వేసే 97802, 97803 కోడ్‌లు కవర్ అవుతాయా, ఏడాదికి ఎన్ని విజిట్లు, డాక్టర్ రిఫరల్ కావాలా, ఈ డైటీషియన్ ఇన్‌నెట్‌వర్కేనా, అంటే వాళ్ళ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్ళేనా అని అడగండి, మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ రాసుకోండి. ఆ కోడ్‌లలో మొదటిది ఫస్ట్ విజిట్‌కి, రెండోది ఫాలోఅప్‌కి. మాకు ఇది అడక్కుండా వెళ్ళి ఒక విజిట్ బిల్లు మొత్తం చేతినుంచి పడింది.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే బుక్ చేసేప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, పెద్ద ఆసుపత్రుల్లో ఫోన్లో కలుపుతారు, దానికి మన దగ్గర డబ్బు తీసుకోరు. మా అత్తగారు నేను పక్కనుంటే స్వీట్లు తిననని చెప్పేవారు, ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడినప్పుడు మాత్రం రోజూ రాత్రి పాలల్లో రెండు చెంచాల బెల్లం వేసుకుంటానని చెప్పారు.