రీళ్లు తీసేవారికి లాక్‌డౌన్ వర్తించదా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. 2021 మే మూడో వారంలో, కొవిడ్ లాక్‌డౌన్ నడుస్తుండగా, మా మామగారు ఆ జబ్బుతోనే పోయారు. అంత్యక్రియలకు 20 మందికి మించకూడదన్నారని ఆయన సొంత చెల్లెళ్లను కూడా రావద్దన్నాం. ఆ వారంలోనే, ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షల మంది అనుసరించే ఒక కుర్రాడు మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లో పుట్టినరోజు చేసుకున్నాడు. వీడియోలో అరవై మందికి పైనే కనిపిస్తున్నారు, ఒక్కరికీ మాస్కు లేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం దుర్గం చెరువు తీగల వంతెన మీద డ్యాన్సు రీల్ తీశాడు. ఎవరో నిలదీస్తే, ‘వెయ్యి రూపాయలేగా, కట్టేశాను’ అని జవాబిచ్చాడు. ఏప్రిల్‌లో ఆక్సిజన్ సిలిండర్లు ఇప్పించాడు కదా వదిలేయమని అతని అభిమానులు అంటున్నారు. మా తమ్ముడేమో మా అత్తగారికి మందులు తెస్తూ పదీ నలభైకి చెక్‌పోస్టు దగ్గర దొరికాడు. బండి ఇంకా స్టేషన్‌లోనే ఉంది. ఆ కుర్రాడి మీద నేను ఫిర్యాదు చేయవచ్చా? వీడియోలు నా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. వాటిలో ఒకటి అతను తర్వాత తీసేశాడు. అతని పేరు, అపార్ట్‌మెంటు వివరాలతో సహా వాటిని నేనే అందరికీ చూపించాలని ఉంది. నా మీద కేసు వేస్తాడా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఫిర్యాదు చేయవచ్చమ్మా, తప్పకుండా చేయండి. తోడబుట్టినవాడి కడచూపు కూడా వదులుకుని నిబంధనకు కట్టుబడిన కుటుంబం మీది. ఆ నిబంధన అందరికీ ఒకటేనా అని అడిగే హక్కు మీకన్నా ఎవరికి ఎక్కువ ఉంటుంది? ఈ మధ్య నాకు ఫోన్ చేస్తున్నవారిలో చాలామందిది ఇదే బాధ. కూరగాయల బండి పది నిమిషాలు ఆలస్యంగా కదిలితే లాఠీ లేస్తుంది, కెమెరా ముందు గంతులేసేవారికి మాత్రం చప్పట్లు. మన ఊరికే పరిమితమైన జాడ్యం కాదిది. 2021 జనవరిలో అప్పటి బ్రిటన్ హోంమంత్రి ప్రీతి పటేల్, ఎండ కాసే దేశాలకు వెళ్లి గొప్పలు పోతున్న ఇన్‌ఫ్లుయెన్సర్లను పార్లమెంటులోనే ప్రస్తావించి, ప్రయాణాలపై ఆంక్షలు బిగిస్తున్నామని ప్రకటించారు.

మన రాష్ట్రంలో 2021 మే 12 ఉదయం 10 గంటలకు మొదలైన లాక్‌డౌన్‌లో తొలి వారాల సడలింపు ఉదయం 6 నుంచి 10 వరకే. అది మధ్యాహ్నం 1 గంట దాకా పెరిగింది మే 31 నుంచి. పెళ్లికి 40 మంది, అంత్యక్రియలకు 20 మంది అని పరిమితి పెట్టారు. పుట్టినరోజు విందులకు ఏ మినహాయింపూ ఇవ్వలేదు. ఫామ్‌హౌస్ ప్రైవేటు స్థలం కదా అని అతను అనవచ్చు. ప్రహరీ గోడ లోపల గుమికూడినా అది గుమికూడడమే. ఆ చోటు అద్దెకిచ్చిన యజమాని కూడా సంజాయిషీ చెప్పుకోవలసినవాడే.

అతను కట్టానంటున్న వెయ్యి రూపాయల సంగతి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట చాలామంది నమ్ముతున్నారు. ఆ వెయ్యి మాస్కు లేనందుకు. అరవై మందిని పోగేసినందుకు కాదు, నిషిద్ధ వేళలో రోడ్డెక్కినందుకూ కాదు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదని రాజ్యాంగం 20(2) అధికరణ చెబుతుంది. అయితే ఇక్కడున్నవి వేర్వేరు నేరాలు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని సెక్షన్ 51 ప్రకారం, ప్రభుత్వ ఆదేశాలను సరైన కారణం లేకుండా ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ ధిక్కారం వల్ల ప్రాణాలు పోయినా, ప్రాణాపాయం ముంచుకొచ్చినా రెండేళ్ల దాకా శిక్ష ఉంటుంది. అంటువ్యాధుల చట్టం, 1897 కింద ఇచ్చిన ఆదేశాన్ని ఉల్లంఘిస్తే ఐపీసీ (2024 జూన్ వరకు అమల్లో ఉన్న భారత శిక్షా స్మృతి) 188 వర్తిస్తుంది. మనుషుల ఆరోగ్యానికి ముప్పు కలిగే సందర్భమైతే ఆరు నెలల వరకు జైలు గానీ, 1000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఒక్క వీడియోతో వేలకు వేలు సంపాదించేవారికి వెయ్యి రూపాయల చలానా ఖర్చుల పద్దులో ఒక గీత మాత్రమే. అందుకే వీరి విషయంలో చలానాతో సరిపెట్టకుండా కేసు నడపాలని నేను గట్టిగా అంటాను.

ఇక్కడ ఒక చిక్కుంది, అది ముందే తెలిస్తే నిరాశ పడరు. ఐపీసీ 188 కింద కోర్టు విచారణ చేపట్టాలంటే సంబంధిత ప్రభుత్వాధికారి గానీ, ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని సీఆర్‌పీసీ (2024 జూన్ వరకు అమల్లో ఉన్న నేర విచారణ స్మృతి) 195 చెబుతుంది. మీరు నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి 188 కేసు నడపలేరు. విపత్తు నిర్వహణ చట్టంలోనూ ఇలాంటి అడ్డు ఉంది, కానీ సామాన్యుడికి ఒక దారి వదిలారు. సెక్షన్ 60 ప్రకారం, జరిగిన నేరాన్నీ ఫిర్యాదు చేయాలన్న మీ ఉద్దేశాన్నీ తెలుపుతూ అధికారులకు నిర్ణీత పద్ధతిలో నోటీసు ఇచ్చి, కనీసం 30 రోజులు ఆగితే మీరే కోర్టుకు వెళ్లవచ్చు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. మొయినాబాద్ రంగారెడ్డి జిల్లా కాబట్టి ఆ కలెక్టరు పేర నోటీసు పంపండి. ఈ సెక్షన్ వాడినవారు నాకు పెద్దగా కనిపించలేదు. కలెక్టరు కార్యాలయంలో ఒక నోటీసు నమోదైతే, నెల తిరిగేలోగా ఎవరో ఒక అధికారి దానిపై ఏదో ఒకటి రాయక తప్పదు. మీకు కావలసింది అదే.

ఐపీసీ 269కి మాత్రం ఇలాంటి అడ్డంకి లేదు. ప్రాణాంతక వ్యాధి వ్యాపించే అవకాశముందని తెలిసీ నిర్లక్ష్యంగా ప్రవర్తించడం ఆ నేరం, ఆరు నెలల వరకు శిక్ష. పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ రాసి దర్యాప్తు చేయవచ్చు. ఇందులోని బలహీనత కూడా చెబుతాను. అక్కడున్నవారిలో ఎవరికైనా వ్యాధి ఉందన్న ఆధారం లేకపోతే 269 నిలబడడం కష్టం. బొంబాయి హైకోర్టు 2020లో ఇలాంటి కారణంతోనే కొందరు విదేశీయులపై కేసు కొట్టివేసింది. ఆ విందుకు వెళ్లినవారిలో ఎవరైనా ‘పాజిటివ్ వచ్చింది’ అని తర్వాత పోస్టు పెట్టి ఉంటే దానిని కూడా భద్రపరచండి.

ఫిర్యాదు ఒక పేజీకి మించనివ్వకండి. తేదీ, వేళ, చోటు, ఖాతా పేరు, వీడియో లింకు, మీరు కళ్లారా చూసినది రాయండి, అంతే. మీ మామగారి మరణం గురించి ఒక్క వాక్యం చాలు. వంతెన వీడియో మాదాపూర్ పోలీసులకు, విందు సంగతి మొయినాబాద్ పోలీసులకు ఇవ్వాలి. మా పరిధి కాదని ఎవరైనా తిప్పి పంపబోతే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్‌ఐఆర్) అడగండి. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయినా రాయకపోతే సీఆర్‌పీసీ 154(3) కింద డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే 156(3) కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. దానికి ప్రమాణపత్రం జతచేయాలి. నెల దాటాక, నా ఫిర్యాదుపై ఏం చర్య తీసుకున్నారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పడేయండి. ఇలాంటి చిన్న శిక్షల నేరాలకు ఏడాది దాటితే కోర్టు విచారణకు తీసుకోదు. ఆలస్యం చేయకండి.

అతను చెప్పబోయే సాకులు కూడా నాకు తెలుసు. నేను మీడియా అంటాడు. పత్రికలకు, చానళ్లకు మినహాయింపు ఉన్నది వార్త సేకరణ కోసం. పుట్టినరోజు కేకు కోయడంలో వార్త ఏముంది? లాక్‌డౌన్‌లో తిరగడానికి పోలీసులిచ్చిన ఈ-పాసు ఉందంటే, ఏ పనికోసం తీసుకున్నాడో పోలీసుల రికార్డులో ఉంటుంది. అబద్ధపు కారణం చెప్పి తీసుకుని ఉంటే అది ఐపీసీ 182 కిందకు రాగల వేరే నేరం.

ఇక ఆక్సిజన్ మాట. ఏప్రిల్‌లో ఈ నగరంలో పడకల కోసం, సిలిండర్ల కోసం రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్న కుర్రకారును చూశాం. వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. అలా సాయం కోరేవారి పోస్టులపై చర్యలు తీసుకుంటే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ కుర్రాడు నిజంగా సిలిండర్లు ఇప్పించి ఉంటే, ఆస్పత్రుల గుమ్మాల దగ్గర ఏం జరుగుతోందో అందరికన్నా బాగా అతనికే తెలుసు. తెలిసి చేసిన తప్పు మరింత బరువైనది. మంచిపని శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, కేసు లేకుండా చేయడానికి పనికిరాదు.

సాక్ష్యం విషయంలో తొందరపడకండి. వీడియో తొలగించమని ఇన్‌స్టాగ్రామ్‌కు రిపోర్టు చేసేముందు దానిని భద్రపరచండి. ఖాతా పేరు, పోస్టు చేసిన తేదీ, అతని ‘వెయ్యి’ జవాబు కనిపించేలా రికార్డు చేయండి. లింకు విడిగా రాసుకోండి. వాట్సాప్‌లో చేతులు మారిన నకలు కన్నా మీ ఫోన్‌లోని మొదటి రికార్డింగే విలువైనది, ఆ ఫోన్ మార్చకండి. పెన్‌డ్రైవ్‌లో నకలు ఇస్తే సాక్ష్య చట్టం (ఇదీ 2024 జూన్ వరకు అమల్లో ఉన్నదే) సెక్షన్ 65బి ధ్రువపత్రం, అంటే ఆ నకలు ఎలా తీశారో తెలిపే కాగితం, జతచేయాలి. అది తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో మళ్లీ చెప్పింది. అతను తీసేసిన వీడియో కోసం ఇన్‌స్టాగ్రామ్ కంపెనీకి లేఖ రాయగల అధికారం సీఆర్‌పీసీ 91 కింద పోలీసులకు ఉంది. ఆ పని వెంటనే చేయమని ఫిర్యాదులోనే కోరండి. ఇదంతా పూర్తయ్యాక ఇన్‌స్టాగ్రామ్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల్లో, 24 గంటల్లో అందినట్టు తెలపాలని, 15 రోజుల్లో తేల్చాలని పెట్టారు.

వీడియోలు మీరే బయటపెట్టడం గురించి. అతను నలుగురికీ చూపించుకున్న వీడియోను చూపించి ‘ఇది లాక్‌డౌన్ వేళ తీసినది, ఇది తప్పు’ అనడం పరువునష్టం కాదు. ప్రజాహితం కోసం చెప్పే నిజానికి ఐపీసీ 499లోని మొదటి మినహాయింపు రక్షణ ఇస్తుంది. ‘వీడు హంతకుడు’, ‘వీడి వల్లే మా మామగారు పోయారు’ అన్నారంటే ఆ రక్షణ పోతుంది, రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. వీడియోను కత్తిరించి అతికించకండి. పక్కనున్న ఆడపిల్లల, చిన్నపిల్లల ముఖాలు కనిపించనివ్వకండి.

అపార్ట్‌మెంటు పేరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు, ఈ ఒక్క మాట నా మాటగా వినండి. ఆ ఇంట్లో అతని తల్లి ఉండవచ్చు, మీ అత్తగారిలాగే మంచంపట్టిన పెద్దవారు ఉండవచ్చు. మీ పోస్టు చూసి పదిమంది ఆ గుమ్మం ముందు చేరి గొడవ చేస్తే, వారిని ఉసిగొల్పారని మీ పేరే ముందు వస్తుంది. ఆ చిరునామా పోలీసులకిచ్చే కాగితంలో రాయండి. విందు వీడియోలో ఏదైనా సంస్థ సరుకు ప్రచారం కనిపిస్తే, ఆ సంస్థకు కూడా మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. డబ్బిచ్చేవారు అడిగితే పలికే తీరే వేరు.

చివరగా మీ తమ్ముడి బండి. ‘అతణ్ణి వదిలారు కదా, నన్నూ వదలండి’ అన్న వాదన కోర్టులో నిలవదు. ఒకరి తప్పును ఉపేక్షించారని మరొకరికి తప్పు చేసే హక్కు రాదని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. మీకు ఆ వాదనతో పని కూడా లేదు. ఆ లాక్‌డౌన్‌లో వైద్య అవసరాలకు మినహాయింపు ఇచ్చారు. డాక్టరు చీటీ, మందుల దుకాణం బిల్లు, బండి ఆర్‌సీ జతచేసి ముందు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి. బండి ఇవ్వకపోతే సీఆర్‌పీసీ 457 కింద మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయండి. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో ఎండకూ వానకూ వదిలేయరాదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి చాలా ఏళ్లయింది. పిలిచినప్పుడు హాజరుపరుస్తామని పూచీకత్తు తీసుకుని సాధారణంగా బండి ఇచ్చేస్తారు. బిల్లు మీద తేదీ, వేళ చెరిగిపోకముందే ఫొటో తీసి పెట్టుకోండి. స్టేషన్‌లో నకళ్లే ఇవ్వండి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.