పాత హీబ్రూ ధర్మశాస్త్ర పుస్తకం తొలి ముద్రణేనని ఎలా తెలుస్తుంది, అమ్మితే ఎంత వస్తుంది?

ముందు రేటు గొడవ పక్కన పెట్టండి. 2015లో న్యూయార్క్ సోథబీస్ వేలంలో బోంబెర్గ్ తాల్ముద్ (యూదుల ధర్మశాస్త్ర గ్రంథం పాత అచ్చు ప్రతి) 93 లక్షల డాలర్లు పలికిన దగ్గర్నుంచి, అటక మీద హీబ్రూ అక్షరం కనబడితే చాలు లాటరీ తగిలిందనుకుంటున్నారు.

మాది జగిత్యాల వైపు, జెరూసలేంలో కేర్‌గివర్‌గా చేస్తున్నాను. నేను చూసుకునే పెద్దాయన్ని సబా అంటాను, ఇక్కడ తాతని అలాగే పిలుస్తారు. ఆయన దగ్గర 1692 నాటి ‘మాగెన్ అవ్రాహామ్’ ఉంది, అది యూదుల ధర్మశాస్త్రం మీద ఒక వ్యాఖ్యానం. రాసింది పోలండ్‌లోని కలిష్‌లో ఉన్న అబ్రహాం గోంబినర్. ఆయన పోయాక కొడుకు పూనుకుంటే డీహెర్న్‌ఫుర్త్ అనే చిన్న ఊళ్లో షబ్బతాయ్ బాస్ ప్రెస్సులో తొలిసారి అచ్చయింది. పేజీ మధ్యలో యోసెఫ్ కారో రాసిన యూదుల ధర్మశాస్త్రం ‘షుల్హాన్ అరూఖ్’, ఒక పక్క ఇది, ఇంకో పక్క డేవిడ్ హలేవి వ్యాఖ్యానం. శనివారం యూదులకు పని చేయకూడని విశ్రాంతి రోజు కాబట్టి సబా స్విచ్ ముట్టుకోరు. వేరే మతంవాణ్ణి, నాలాంటివాడికైనా ఆ రోజు పని చెప్పొచ్చా, జబ్బు మనిషైతే ఎంతవరకు చెప్పొచ్చు, ఇదంతా అందులో ఉంటుంది. అంటే నా శనివారం డ్యూటీ దాని మీదే నడుస్తోందన్నమాట.

సబా కొడుకు ఒకసారి ఒక పుస్తకాల వ్యాపారిని పిలిపించాడు. ఆయన కాగితాన్ని లైటుకు ఎత్తి పట్టి లోపలి ముద్ర చూశాడు, పురుగు తిన్న బెజ్జంలో పెన్సిల్ మొన పెట్టి ఎన్ని పేజీలు దాటిందో లెక్కేశాడు, కొవ్వొత్తి మైనం చుక్కలు, వైన్ మరకలు చూపించి రేటు పడిపోతుందన్నాడు. సబాకి ఒళ్లు మండింది. పేజీ తిప్పి ఒక పేరా మీద వేలు పెట్టి “ఇది చదివి చెప్పు” అన్నారు. వ్యాపారి నవ్వి, నాది కాగితం వ్యాపారం అన్నాడు. సబా నా వైపు తిరిగి టీ పెట్టమన్నారు, ఒక్క కప్పే.

నన్నడిగితే సబాదే కరెక్ట్. ఇవి అరుదైపోయిందే వాడకం వల్ల. పొద్దున లేస్తే తీసే పుస్తకం చిరక్క ఏమవుతుంది? చిరిగితే చెత్తలో వేయరు, భూమిలో పూడ్చిపెడతారు. మరక లేని ప్రతి అంటే ఎవరూ చదవని ప్రతి, దానికి ఎక్కువ డబ్బివ్వడం నాకు విడ్డూరమే.

ఇక మీ ప్రశ్న. పాత హీబ్రూ పుస్తకాల్లో సంవత్సరం చాలావరకు అంకెల్లో ఉండదు, హీబ్రూలో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె విలువ ఉంటుంది, వాటిని కూడాలి. కొన్నిట్లో ఒక వాక్యమిచ్చి అందులో కొన్ని అక్షరాలు పెద్దవిగా వేస్తారు, అవే కూడాలి. వేలు వదిలేస్తారు కాబట్టి 452 వస్తే యూదుల లెక్కలో 5452, మనకు 1691-92. తర్వాత ఊరి పేరు, ప్రెస్సు పేరు తొలి ముద్రణవేనా, మొదటి నుంచి చివరి దాకా పేజీలున్నాయా అన్నది చూడండి. కాగితం గట్టిగా ఉందని అనుమానపడొద్దు. అప్పట్లో పాత గుడ్డలతో చేసేవారు, మన ఇళ్లలో అరవై ఏళ్ల పుస్తకమే అప్పడంలా విరుగుతుంటే అది మాత్రం మెత్తగా మడత పడుతుంది. చిరుగులుంటే సెల్లో టేప్ మాత్రం వేయకండి. సబా వాళ్ల ఇంట్లో ఎవరో మహానుభావుడు వేశాడు, ఆ బంక పసుపెక్కి కింద అక్షరాలన్నీ మసకబారాయి.