ఉగాండా నుంచి రువాండాకు కారులో వెళితే డ్రైవింగ్‌లో ఏమి మారుతుంది?

అన్నిటికన్నా ముందు మారేది రోడ్డు పక్కే. ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న ఉగాండాలో మనలాగే ఎడమవైపు నడుపుతారు. బెల్జియం ఏలిన రువాండాలో కుడివైపు. అందువల్ల గతునా సరిహద్దు దాటగానే పక్క మారాలి, రౌండ్అబౌట్‌ను కూడా అపసవ్య దిశలో తిరగాలి. అసలు చిక్కు ఓవర్‌టేక్ చేసేటప్పుడు వస్తుంది: ఉగాండా కారులో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది గనుక, రువాండా కొండ మలుపుల్లో ముందు లారీ ఉంటే, రోడ్డు అంచున కూర్చున్న డ్రైవరుకు ఎదురుగా వచ్చే బండి కనబడదు. పక్కన కూర్చున్నవారు చూసి చెప్పాల్సిందే. కంపాలా నుంచి వచ్చే బస్సుల తలుపు ఎడమవైపు ఉంటుంది కాబట్టి, రువాండాలో రోడ్డు పక్కన ఆపితే ప్రయాణికులు వాహనాలు తిరిగే వైపే దిగవలసి వస్తుంది.

అలవాట్లలోనూ తేడా ఎక్కువే. కంపాలాలో బోడా బోడా అనే బైకు టాక్సీపై ఇద్దరు ముగ్గురు ఎక్కడం మామూలు దృశ్యం. రువాండా రాజధాని కిగాలీలో మోటో అనే బైకు టాక్సీ వెనుక ఒక్కరే కూర్చోవాలి, డ్రైవరు ఇచ్చే హెల్మెట్ పెట్టుకోవాలి. వేగ పరిమితిని రువాండాలో కెమెరాలు గట్టిగానే అమలు చేస్తాయి.

ఇంకొకటి, నెలలో చివరి శనివారం ఉదయం 8 నుంచి 11 వరకు ‘ఉముగాండా’ సామూహిక శ్రమదానం జరుగుతుంది. రువాండాలో ఆ సమయానికి ప్రయాణం పెట్టుకోకండి.