పాలకూర పసుపెక్కితే జింకు కొట్టడమేనా?

ప్రశ్న: మాది ఆనందపురం మండలం. 60 సెంట్ల ఎర్రనేలలో పాలకూర వేశాను. రెండేళ్లుగా మురుగు శుద్ధి కేంద్రం బురద ట్రాక్టర్లతో తోలిస్తున్నాను. ఇప్పుడు లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. షాపులో జింకు లోపమన్నారు. జింకు సల్ఫేటు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు.
– ఒక రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: ముందు ఆ జింకు ఆపండి. మీరు చెప్పినవి ఇనుపధాతు లోప లక్షణాలు. మురుగు బురదలో జింకు మామూలుగానే దండిగా ఉంటుంది. అది ఎక్కువైతే మొక్కకు ఇనుము అందదు. పొలంలోకి ఏం తోలావని ఒక్క మాట అడగకుండా ప్యాకెట్ చేతిలో పెట్టే షాపు సలహా ఇలాగే ఉంటుంది.

నా బెంగ పసుపు గురించి కాదు, అలాంటి బురదలో ఉండగల కాడ్మియం అనే విష లోహం గురించి. అది చేరినా ఆకు నిగనిగలాడుతూనే ఉంటుంది. కూరగాయల్లో దాన్ని ఎక్కువగా లాగేవి పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలే. సీసం చాలావరకు మట్టి, దుమ్ముతో ఆకు పైన అంటుకుంటుంది, కడిగితే కొంత పోతుంది. కాడ్మియం ఆకు లోపలే ఉంటుంది. కడిగినా ఉడికించినా పోదు, ఏళ్ల తరబడి తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. తాజా ఆకుకూరలో కిలోకు 0.2 మి.గ్రా. దాటకూడదు. రిపోర్టు వచ్చేదాకా కోత ఆపండి, పశువులకూ వేయకండి.

మట్టి 8–10 చోట్ల 15 సెం.మీ. లోతున తీసి, కలిపి, అర కిలో ల్యాబ్‌కు పంపండి. ఇనుప రేకు బకెట్ వాడితే దాని పూతలోని జింకు మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ బకెట్, చెక్క పుల్ల చాలు. భూసార కార్డులో కాడ్మియం, సీసం, నికెల్ ఉండవు, విడిగా అడగాలి. అరకిలో పాలకూర కూడా ఇవ్వండి.

మట్టి ఉదజని సూచిక (pH) 6.5 కంటే తక్కువైతే ల్యాబ్ చెప్పిన మోతాదులో సున్నం, విత్తడానికి 2–3 వారాల ముందు వేయండి. 6.5 దాటించవద్దు, ఇనుము ఇంకా అందదు. సున్నం కాడ్మియాన్ని తీసేయదు, కట్టి ఉంచుతుందంతే. నేల మళ్లీ ఆమ్లమైతే అది వదులవుతుంది. పశువుల ఎరువు 5–6 టన్నులు కలపండి. ఆకుల్లో కాడ్మియం పరిమితిలోపే ఉంటే ఇనుము కోసం అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) 5 గ్రా., నిమ్మఉప్పు 1 గ్రా. లీటరు నీటికి కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. ఎక్కువగా తేలితే ఆకుకూరలు మానేసి బంతి, చామంతి వేయండి. పూల మార్కెట్ మీ మండలంలోనే ఉందిగా.

బురద ఇచ్చినవాళ్ల దగ్గర పరీక్ష కాగితం ఉందేమో అడగండి. నగర కంపోస్టుకైతే కిలోకు కాడ్మియం 5, సీసం 100 మి.గ్రా. మించకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. కాగితం చూపించేదాకా ఇంకో ట్రాక్టరు దించనివ్వకండి.