ఊరి మ్యూజియానికి వాషింగ్టన్ సొమ్ము ఎందుకు?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాము. జీతం మీద ఫెడరల్ పన్ను, బడుల కోసం ఇంటి మీద ఆస్తి పన్ను రెండూ కడుతున్నాము. బడి అయినా, మ్యూజియం అయినా ఏ ఊరికి ఆ ఊరు చూసుకోవలసినవే కదా. సైన్సు చదువుకూ, ఎక్కడో చిన్న పట్టణంలో ఉన్న మ్యూజియానికీ ఫెడరల్ ప్రభుత్వం డబ్బెందుకు ఇవ్వాలి? మ్యూజియంలకు, గ్రంథాలయాలకు గ్రాంట్లిచ్చే ఫెడరల్ సంస్థను చట్టం అనుమతించినంత మేరకు కుదించాలని 2025 మార్చిలో అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చినప్పుడు మా మిత్రులు కొందరు మంచి పనే అన్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: మీ వాదనకు ఆధారం లేకపోలేదు. అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. ఫెడరల్ ప్రభుత్వానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకో ప్రజలకో చెందుతాయని పదో సవరణ చెబుతుంది. పాఠశాలల ఖర్చులో ఫెడరల్ వాటా ఈనాటికీ దాదాపు పదో వంతే. అయినా ఇవ్వాలనే నా అభిప్రాయం. ఏ ఒక్క ఊరూ తన డబ్బుతో చేయడానికి ముందుకు రానిది, ఒకసారి చేస్తే దేశమంతటికీ పనికొచ్చేది అయిన పనికి దేశం ఖర్చు పెట్టాలి. మ్యూజియం కరెంటు బిల్లు, కాపలా జీతం అలాంటివి కావు. వాటిని ఊరే భరించాలి.

ముందు బడి సంగతి చూద్దాం. ఆస్తి పన్నుతో బడి నడిచే చోట, ఇళ్ల ధర ఎక్కువున్న పేటలో పిల్లలకు మంచి ప్రయోగశాల ఉంటుంది, ధర పడిపోయిన పేటలో ఉండదు. దీని మీద మీ రాష్ట్రంలోనే పెద్ద వ్యాజ్యం నడిచింది. బడులు ఆస్తి పన్ను మీద అతిగా ఆధారపడే పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 1997లో ఒహాయో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పైగా ఇక్కడ చదివిన పిల్ల రేపు టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉద్యోగం చేస్తుంది. ఆమెకు రసాయనశాస్త్రం బాగా నేర్పిన ఖర్చు ఒక ఊరిది, ఫలితం దేశానిది. ఆ ఖర్చంతా ఊరి నెత్తిన వేసి ఊరుకుంటే, ఊరు తన శక్తి మేరకే నేర్పిస్తుంది.

సోవియట్ యూనియన్ 1957 అక్టోబరులో తొలి కృత్రిమ ఉపగ్రహమైన స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత అమెరికాకు ఈ విషయం ఒంటబట్టింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం కింద, సైన్సు, గణితం, విదేశీ భాషల బోధనకు కావలసిన పరికరాలు కొనేందుకు రాష్ట్రాలకు నిధులు అందాయి. రాష్ట్రాలు కూడా తమ వాటా వేయవలసి వచ్చింది. దానికి ముందే, 1950లో ఏర్పడిన, సైన్సుకు నిధులిచ్చే ఫెడరల్ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఉపాధ్యాయులకు వేసవి శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టింది. వేసవిలో శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడు ఆ తరువాత పాతికేళ్లపాటు ఎన్ని తరగతులకు పాఠం చెబుతాడో ఆలోచించండి.

మ్యూజియంలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడు ఫ్రాంక్ కూడా భౌతికశాస్త్రవేత్తే. రాజకీయ కారణాలతో విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయి, కొలరాడోలో పశువుల పెంపకం చేసి, అక్కడి పల్లె బడిలో పాఠాలు చెప్పిన ఆయన 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియాన్ని స్థాపించారు. పిల్లలు చేత్తో పట్టుకుని, తిప్పి, ఆడించి నేర్చుకునే ప్రదర్శనలవి. సైన్స్ ఫౌండేషన్ గ్రాంట్లు దానికి అండగా నిలిచాయి. వాటిని తయారుచేసే పద్ధతిని ఆ సంస్థ దాచుకోకుండా పుస్తకాలుగా ప్రచురించింది కాబట్టి, ఇతర నగరాల మ్యూజియంలు అవే నమూనాలను తమ వడ్రంగుల చేత చేయించుకోగలిగాయి. కొత్త ప్రదర్శనను కనిపెట్టే ఖర్చు, విఫలమైన నమూనాల ఖర్చుతో సహా, చిన్న ఊరు పెట్టుకోలేదు.

మీరు ప్రస్తావించిన గ్రాంట్ల సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజియం అండ్ లైబ్రరీ సర్వీసెస్, 1996 చట్టంతో ప్రస్తుత రూపం దాల్చింది. 2024 ఆర్థిక సంవత్సరంలో దాని బడ్జెట్ సుమారు 29.5 కోట్ల డాలర్లు, అంటే దేశంలో తలకు ఒక డాలరు కూడా పడదు. అందులోనూ ఎక్కువ భాగం రాష్ట్రాల ద్వారా గ్రంథాలయాలకే వెళుతుంది. మ్యూజియంలకిచ్చే ప్రధాన గ్రాంట్లలో చాలావాటికి, ఎంత అడిగితే అంత సొమ్ము మ్యూజియం కూడా సమకూర్చుకోవాలి. ఊరికి పట్టని మ్యూజియానికి ఆ సొమ్ము ఎక్కడా పుట్టదు కనుక ఈ షరతు నాకు నచ్చింది. పేదల కోసం ఆ సంస్థ చేపట్టిన పథకం ఇంకా నచ్చింది. ప్రభుత్వ ఆహార సాయం కార్డు, ఫొటో గుర్తింపు చూపిన తల్లి మూడు డాలర్లో అంతకన్నా తక్కువో ఇచ్చి, కొన్నిచోట్ల ఉచితంగానే, మొత్తం నలుగురితో లోపలికి వెళ్లవచ్చు. పైగా ఆ సంస్థను కుదించడం వల్ల మీ పన్నులో మీకు కనిపించేంత తగ్గుదల ఉండదు. రాష్ట్రాలు కోర్టుకు వెళ్లగా, ఆ కుదింపు చెల్లదని 2025 నవంబరులో రోడ్ ఐలండ్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చారు.

ఊరు తన వంతు ఎలా వేసుకోవచ్చో కొలరాడోలోని డెన్వర్ ప్రాంతం చూపించింది. అక్కడి ఓటర్లు 1988లో ప్రతి పది డాలర్ల కొనుగోలు మీద ఒక సెంటు పన్నును సైన్సు, సాంస్కృతిక సంస్థల కోసం ఆమోదించారు. ఇది ఫెడరల్ సాయానికి తోడుగా పనికొస్తుంది కానీ దానికి బదులు కాదు. దుకాణాలే అంతంతమాత్రమైన కౌంటీలో అమ్మకపు పన్ను ఎంత రాలుతుంది?

ప్రశ్న: డబ్బిచ్చినవాడు పెత్తనం చెయ్యడా? మ్యూజియంలో ఏం రాయాలో కూడా వాషింగ్టనే చెబుతుందేమో.
– అదే పాఠకుడు

జవాబు: మీ భయం సహేతుకమైనదే. 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టంలోనే విద్య మీద ఫెడరల్ నియంత్రణను నిషేధించే నిబంధన చేర్చారు. సైన్స్ ఫౌండేషన్ గ్రాంటు దరఖాస్తులను ఆ రంగంలోని నిపుణులు పరిశీలిస్తారు. అయినా 2025 ఆగస్టులో, ఫెడరల్ నిధులతో నడిచే జాతీయ మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్‌కు చెందిన కొన్ని మ్యూజియంల ప్రదర్శనలను సమీక్షిస్తామని శ్వేతసౌధం లేఖ రాసింది. అది తప్పని నా అభిప్రాయం, ఏ పార్టీ అధికారంలో ఉన్నా తప్పే. అలాగని నిధులు ఆపేస్తే, పెద్ద దాతలున్న నగరాల మ్యూజియంలు ఎలాగో నడుస్తాయి, చిన్న ఊళ్లవి మూతపడతాయి. కనుక మీ కాంగ్రెస్ సభ్యుడికి రాసేటప్పుడు నిధులు కొనసాగించమని, ప్రదర్శనల్లో ఏముండాలో నిర్ణయించే అధికారం మ్యూజియం నిపుణులకే ఉండేలా చట్టంలో రాయమని, రెండూ ఒకే ఉత్తరంలో అడగండి.